ఒకే కార్డు, రెండు కత్తిరింపులు

క్రిస్మస్ దాటాక ఇంట్లో మిగిలే పాత గ్రీటింగు కార్డులతో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ చేసే చేతిపనుల్లో రెండు బాగా వాడుకలో ఉన్నాయి. ఒకటి, కార్డు మీది బొమ్మను కత్తిరించి కానుకకు కట్టే పేరు చీటీ. రెండోది, కార్డుల్లోంచి ఇరవై గుండ్రటి బిళ్ళలు కోసి, మడిచి, అతికించి వేలాడదీసే బంతి. రెండింటికీ కావలసినవి కత్తెర, జిగురు, కాస్త దారం. అయినా పాత కార్డులో ఒకటి చూసేది వేరు, రెండోది చూసేది వేరు.

పోల్చడానికి కొలబద్ద కార్డు పుట్టుకలోనే ఉంది. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి, జాన్ కాల్కాట్ హార్స్లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి తొలి క్రిస్మస్ కార్డును అమ్మకానికి తెచ్చాడు. మధ్యలో విందులో ఉన్న కుటుంబం, రెండు పక్కలా పేదలకు అన్నం, బట్టలు ఇస్తున్న దృశ్యాలు. పైన అందుకునేవారి పేరుకు, కింద పంపేవారి పేరుకు చోటు వదిలారు. అంటే కార్డులో మొదటినుంచీ రెండు భాగాలున్నాయి: అందరికీ ఒకటేగా అచ్చయిన బొమ్మ, ఒక్కరి కోసమే చేత్తో రాసిన మాట. ఈ రెండింటిలో ఏ చేతిపని దేన్ని నిలబెడుతోందన్నదే నా ప్రశ్న.

పేరు చీటీ పని తేలిక. ఏడంగుళాల పొడవు, అయిదంగుళాల వెడల్పు ఉన్న కార్డు ముందుభాగంలో మూడంగుళాలకు రెండంగుళాల చీటీలు కనీసం నాలుగు వస్తాయి. దాని వెనకవైపు సాధారణంగా ఖాళీగానే ఉంటుంది కాబట్టి కొత్త పేరు రాసుకోవచ్చు. పైన ఒక రంధ్రం, అందులో దారం, అంతే. బొమ్మలో ఏ ముక్క అందంగా ఉందో ఎంచడమే ఇందులో నేర్పు. మంచు కప్పిన చర్చి గోపురాన్ని సగానికి నరకకుండా చీటీలో ఇమిడ్చితే బొమ్మకు గౌరవం దక్కుతుంది. కానీ చేతిరాత ఉన్న రెండో సగం చెత్తబుట్టలోకి పోతుంది. చీటీ ఆయుష్షు కూడా కానుక విప్పేదాకానే.

బంతికి ఓపిక కావాలి. రెండంగుళాల బిళ్ళలు ఒక కార్డు ముందుభాగంలో ఆరు వస్తాయి, కాబట్టి నాలుగు కార్డులు చాలు. ప్రతి బిళ్ళలో సమబాహు త్రిభుజం గీసి, దాని మూడు అంచుల బయట మిగిలిన చంద్రవంకలను బొమ్మవైపుకు మడవాలి. ఇంకు అయిపోయిన పెన్నుతో ముందుగా గీత నొక్కితే దళసరి కార్డు కూడా చిట్లకుండా మడత పడుతుంది. అయిదు బిళ్ళలు పైకప్పు, అయిదు అడుగు, పది నడుమ పట్టీ. ప్రతి మూల దగ్గరా అయిదు త్రిభుజాలే కలవాలి. ఆరు కలిస్తే అది బల్లపరుపుగా పడుతుంది, గుండ్రం రాదు. ప్లేటో పేరుతో పిలిచే అయిదు ఘనాకృతుల్లో ఒకటి పిల్లల చేతుల్లో ఇలా తయారవుతుంది. పేరు చీటీకి ఇంత నేర్పే శక్తి లేదు.

బంతిలో బొమ్మ ముక్కలవుతుందన్న అభ్యంతరం నిజమే. గొర్రెల కాపరి ముఖం ఒక బిళ్ళలో, అతని చేతికర్ర మరో బిళ్ళలో పడతాయి. అయితే ఆ బొమ్మ వేల ఇళ్ళకు వెళ్ళిన అచ్చు. పోతే తిరిగి రానిది చేతిరాత. ఇరవైలో నాలుగైదు బిళ్ళలు సంతకాలున్న సగంలోంచి కోస్తే, మేనత్త పేరు, స్నేహితుడి ఒక్క వాక్యం త్రిభుజాల్లో నిలుస్తాయి. ఏటా పండక్కి బంతిని బయటికి తీసినప్పుడు ఆ పేర్లూ కంటపడతాయి.

చీటీ పద్ధతికి ఒక పెద్ద గొప్ప ఉంది. అమెరికాలో నెవాడా రాష్ట్రం బౌల్డర్ సిటీలోని సెయింట్ జూడ్స్ రాంచ్ అనే పిల్లల ఆశ్రమం, దాతలు పంపిన పాత కార్డుల ముందుభాగాలను కత్తిరించి కొత్త అట్టల మీద అతికించి అమ్మే పథకాన్ని ఏళ్ళ తరబడి నడిపింది. కాపీహక్కుల కారణంగా కొన్ని కంపెనీల కార్డులను తీసుకోలేదు కూడా. బొమ్మను మాత్రమే తీసుకుని చేతిరాతను వదిలే ఈ పద్ధతి అక్కడ సబబే, ఎందుకంటే ఆ రాతలు కొనేవారికి ఏమీ కావు. హార్స్లీ పక్క బొమ్మల్లో చూపిన దానగుణం అక్కడ పనిలోకి వచ్చింది. సొంత ఇంటి సంగతి వేరు.

మన పెళ్ళి శుభలేఖల దగ్గర తీర్పు మారుతుంది. వాటి మీద వినాయకుడో వేంకటేశ్వరుడో ఉంటాడు. ఆ రూపాన్ని త్రిభుజాలుగా కోయడానికి మన చేతులు రావు, రాకూడదు కూడా. మూలలకు రాసిన పసుపు, కవరు మీద రాసిన పేరు తప్ప మిగతాదంతా అచ్చే. కాబట్టి ఇక్కడ చీటీ పద్ధతే సరి: దేవుడి బొమ్మను అంచులు చెడకుండా కత్తిరించి, స్తోత్రాల పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకోవచ్చు. అలా అది రోజూ చేతికి తగులుతూ ఉంటుంది.

గ్లిటర్ అద్దిన కార్డులను ఏ పద్ధతిలోనూ పిల్లలకు ఇవ్వకపోవడం మంచిది. ఆ మెరుపు రజను ఎక్కువగా ప్లాస్టిక్కే. కత్తెర పడ్డప్పుడల్లా రాలి వేళ్ళకు అంటుకుంటుంది.

మొత్తం మీద నా తీర్పు బంతికే. చీటీ కార్డులోని అచ్చును ఒక్క రోజు వాడుకుంటుంది. బంతి కార్డు పంపిన మనిషిని ఏళ్ళ తరబడి ఇంట్లో ఉంచుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా సరే, కత్తెర పెట్టేముందు కార్డు తెరిచి లోపలి మాటలు ఒకసారి చదవండి. మనసుకు దగ్గరైన రాత కనిపిస్తే, ఆ కార్డును కోయకుండా దాచుకోండి.