శ్రీశ్రీ శ్రవ్యరచనలు

శ్రీరంగం శ్రీనివాసరావుగారి పేరు చెప్పగనే మనవారు 'మహాప్రస్థానము'ను తలంచుకొందురు. ఆ పిమ్మట మఱి యేమియు తలంపరు. ఇది కవికి గౌరవమే కాని రచయితకు అన్యాయము. ఆయన రేడియో నాటికలు వ్రాసెను, పత్రికలలో పనిచేసెను, ఫ్రెంచి అధివాస్తవికుల కవితలను తెలిగించెను, 'త్రీ చీర్స్ ఫర్ మ్యాన్' అను పేర ఆంగ్లమునను కవిత్వము చెప్పెను, 1950లో 'ఆహుతి' చిత్రముతో డబ్బింగు రచనకు దిగెను. వీనిలో నొక్కదానిని మాత్రము గ్రహించి, తక్కినవి పొట్టకూటికై చేసినవని త్రోసివేయుట విమర్శ కాదు.

ఆయన 1910లో విశాఖపట్టణమున జన్మించెను. 1933లో ఆ యూరి ఓడరేవు తెఱవబడునాటికి ఇరువది మూడేండ్లవాడు. మహాప్రస్థాన గీతములలో పెక్కింటిని ఆ దశాబ్దముననే వ్రాసెను. పో, బోదిలేరు వంటి దూరదేశపు కవులు అప్పటికే ఆయన మనసులో దిగియుండిరి. కాని యూరు చదువు నిచ్చినంత సులభముగా జీవనము నీయలేదు. కళాశాలలో డిమాన్‌స్ట్రేటరు పని, 1938లో ఆంధ్రప్రభలో ఉపసంపాదకత్వము, అటుపై ఢిల్లీ ఆకాశవాణి, నిజాము కొలువు, తుదకు మద్రాసు. 1983లో అక్కడనే మరణించెను. విశాఖలో రేడియో కేంద్రము 1963లో గాని వెలయలేదు. గాలిలో మాటాడదలచిన విశాఖవాడు అంతవఱకు ఊరు విడువవలసినదే.

రేడియో నాటికకు తెర లేదు, రంగు లేదు, వేషము లేదు. వినువాడు పుట వెనుకకు త్రిప్పి చూడలేడు. కొఱుకబడని సమాస మొకటి వచ్చెనా, దానితోపాటు తరువాతి రెండు మాటలును పోయినట్లే. గిడుగు వేంకట రామమూర్తిగారు ఏండ్ల తరబడి వాదించి నెగ్గవలసివచ్చిన విషయమును ఈ యంత్రము వాదము లేకయే ఒప్పించినది. (గ్రాంథికమున వ్రాయుచు నేనీ మాట యనుట వింతయే, కానిండు.) అక్షరము రాని యిల్లాలు వంటయింట నుండియే నాటకము వినగలిగిన దినము మన సంస్కర్తలు కోరిన దినములలో నొకటి కాదా? శ్రీశ్రీ వాడుకమాట అచ్చట సహజముగా నిలిచినది.

ఆ నాటికలన్నియు సమానముగా నిలుచునని నేననను. కొన్ని తావుల పాత్ర వెనుక కవి గొంతుకయే వినవచ్చును; చమత్కారము కథను దాటి పరుగెత్తును. 'విదూషకుని ఆత్మహత్య' యను పేరును చూడుడు: నవ్వును చావును రెండే మాటలలో ఢీకొన్నవి. అట్టి పేరు పెట్టగలవానికి చెవి యెంత పదునో వేఱుగా చెప్పనక్కఱలేదు. గీతములలోని నడకయు ఈ చెవి పెట్టిన భిక్షయే. అందుచేత నాటికలను విడిచి గీతములను మాత్రము పరిశీలించువాడు ఒక చేతితో తాళము వేయువాడు.

అచ్చులోనికి వచ్చిన రేడియో నాటికకు సగము ప్రాణమే యుండును. దానిని కంటితో చదివి పెదవి విఱుచుట కంటె, రాత్రి భోజనములైన పిమ్మట ఇంటిలోని నలుగురును పాత్రలు పంచుకొని బిగ్గరగా చదువుట మేలు. విదూషకుని వంతు మాత్రము ఇంటిలో మిక్కిలి గంభీరముగా నుండు వారికే యీయవలెను.