మొదటి ముద్రణా, మేలైన ముద్రణా?

పాత యాత్రాగ్రంథాలు సేకరించేవారు సాధారణంగా మొదటి ముద్రణకే పట్టం కడతారు. కాని విజ్ఞానశాస్త్ర విద్యార్థి వెతకవలసింది వేరు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ గ్రంథమే ఇందుకు ఉదాహరణ. ఇది 1676లో పారిస్‌లో వెలువడింది. కృష్ణాతీరపు వజ్రాల గనిలో సుమారు 60,000 మంది పనిచేసేవారని అందులో రాశాడు. ఆ చోటును దేశభాషలో ‘గని’ అంటారనీ రాశాడు. అది ఊరి పేరు కాదని తెలుగువారికి వేరే చెప్పాలా?

అసలు ఊరు కొల్లూరని దూరాలు సరిచూసి నిర్ధారించినవాడు వాలెంటైన్ బాల్. జంషెడ్‌పూర్ పుట్టకముందే, నేడు మా టెల్కో కాలనీ ఉన్న సింగ్‌భూమ్ ప్రాంతాన్ని సర్వే చేసిన భూవిజ్ఞాని ఆయన. ఆ సంచారాల కథే 1880 నాటి ‘జంగిల్ లైఫ్ ఇన్ ఇండియా’. 1889లో టావెర్నియర్‌ను ఇంగ్లీషులోకి అనువదించి, గనులపై అనుబంధాలు చేర్చాడు.

ఆ అనుబంధాలన్నీ ఒకే స్థాయివి కావు. నేలను, దూరాలను ఆధారం చేసుకున్నచోట బాల్ వాదన గట్టిది. టావెర్నియర్ 1665లో ఔరంగజేబు దగ్గర చూసిన పెద్ద వజ్రమే కోహినూరు అన్నచోట మాత్రం బలహీనం. బరువులు కలవకపోతే, మధ్యలో ఎవరో ముక్కలు తీశారని ఊహించాడు. ఈనాడు చాలామంది పరిశోధకులు ఆ వజ్రం ఓర్లోవ్ అంటారు.

అయినా నా ఓటు 1889 ముద్రణకే. కొల్లూరు గనుల నేల నేడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది. ఇక అక్కడికి వెళ్లి సరిచూడలేం. తన ఆధారాలను పాఠకుడి ముందు పరిచిన పుస్తకమే మనకు మిగిలింది. అట్ట అందం కన్నా అదే విలువైనది.