భుజమ్మీద నాలుగు వేళ్లు

పెద్దకర్మ ఇంకా నాలుగు రోజులుందనగా ఒకావిడ పాత పెళ్లి ఫోటో పట్టుకుని వచ్చింది. "మా అమ్మ ఒక్కత్తే కావాలన్నయ్యా, పటం కట్టించాలి" అంది. పద్నాలుగు మంది ఉన్న గ్రూపు ఫోటో. మధ్యలో కుర్చీలో ఆ తల్లి. తెల్లబడ్డ జుట్టు, లేతరంగు నేతచీర, వెనక సున్నం వేసిన గోడ. ఆ తరం ఆడవాళ్లు ఒంటరిగా ఫోటో దిగింది తక్కువ. ఎవరి పెళ్లిలోనో, ఎవరి పక్కనో ఉంటారు. అక్కణ్నుంచి వాళ్లను విడిగా తీసుకురావాలి. స్టూడియోల్లో దీన్ని కటింగ్ అంటాం. ఆ మాట నాకెప్పుడూ రుచించదు. ఈ పని బాగా తెలిసినవాడు అసలు దేన్నీ కత్తిరించడు.

ఫోటోషాప్ కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు మ్యాజిక్ వాండ్ మీదికే పోతారు. అది మనం నొక్కిన చోటి రంగును చూసి, దానికి దగ్గరగా ఉన్న రంగులన్నిటినీ పట్టుకొస్తుంది. ఎంత దగ్గరగా అన్నది టాలరెన్స్ అంకె చెబుతుంది. మామూలుగా అది 32 దగ్గర ఉంటుంది. ఈ ఫోటోలో గోడ మీద నొక్కితే గోడతో పాటు ఆవిడ జుట్టూ వచ్చేసింది. అంకె తగ్గిస్తే గోడే ముక్కలు ముక్కలుగా వచ్చింది. భుజాలకూ చీర అంచుకూ పెన్ టూల్ చాలు, ఓపికగా చుక్కచుక్కా పెట్టుకుంటూ పోవచ్చు. జుట్టుకు అది పనికిరాదు. గీత గీసి తీస్తే తల మీద టోపీ పెట్టినట్టుంటుంది.

దారి చూపించింది ఆ గోడే. సున్నం తెల్లగా తళతళలాడాలని అందులో కాస్త నీలిమందు కలిపేవాళ్లు. కంటికి తెలుపే. కానీ ఫోటోలోని ఎరుపు పాలును మాత్రమే చూపే రెడ్ చానెల్ విడిగా తెరిచి చూస్తే ఆ నీలం పిసరంత నల్లబడి కనిపించింది, జుట్టు తెల్లగానే ఉంది. ఆ చానెల్‌కు నకలు తీసి, లెవెల్స్‌తో ఆ తేడాను పెంచుకుంటూ పోతే ముంగురులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

ఆ నకలును సెలెక్షన్‌గా, అంటే ఎంచుకున్న భాగంగా, మార్చుకున్నాక దాని చుట్టూ కదిలే గీతలు చీమల బారులా ఉంటాయి. 1984లో వచ్చిన మాక్‌పెయింట్ ప్రోగ్రామ్ కోసం బిల్ అట్కిన్‌సన్ పెట్టిన ఏర్పాటది. ఆ బారును పూర్తిగా నమ్మకూడదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సగానికి పైగా ఎంపికైన చోటు వరకే అది గీత గీస్తుంది. వెంట్రుక కొస నూటికి ముప్పై పాళ్లే ఎంపికై ఉంటే చీమలు దాన్ని బయటే వదిలేసినట్టు కనిపిస్తుంది. అయినా అది లోపలే ఉంది. నిజం చూడాలంటే మాస్క్ చూడాలి. అందులో తెలుపు చూపిస్తుంది, నలుపు దాస్తుంది. రెంటి నడుమ ఉన్న బూడిద ఛాయల్లోనే జుట్టంతా ఉంటుంది.

ఇంకో సంగతి. ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలే లేయర్లు. సెలెక్షన్ ఏ లేయర్‌కూ సొంతం కాదు. ఒక లేయర్ చూసి ఎంచుకుని, ఇంకో లేయర్ మీద పని చేయవచ్చు. దాని బలమూ అదే, ప్రమాదమూ అదే. పని నేర్చుకునే రోజుల్లో నేను ఒక ముసలాయన ఫోటోలో బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకుని, ఏ లేయర్ మీద ఉన్నానో చూసుకోకుండా డిలీట్ నొక్కి, అలాగే సేవ్ చేసి మూసేశాను. తిరిగి స్కాన్ చేద్దామంటే ఫోటో అప్పటికే ఇంటివాళ్లు పట్టుకెళ్లిపోయారు. ఆ ముసలాయన ముఖం నాకింకా గుర్తుంది. ఫోటోషాప్‌లో లేయర్లు వచ్చింది 1994లో, మూడో వెర్షన్‌తో. చాలా అడుగులు వెనక్కి వెళ్లే హిస్టరీ వచ్చింది 1998లో. అంతకుముందు ఈ పని చేసినవాళ్లంటే నాకు గౌరవం.

ఇప్పుడు సెలెక్ట్ సబ్జెక్ట్ అని ఒక మీట ఉంది, 2018 నుంచి. సరదాకి ఆ ఫోటో మీద నొక్కి చూశాను. తల్లితో పాటు ఆమె భుజమ్మీద ఉన్న నాలుగు వేళ్లనూ తెచ్చింది. వెనక నిలబడ్డవాళ్లెవరో చెయ్యి వేశారు, ముందువైపుకు వేళ్లే కనిపిస్తున్నాయి. పటంలో ఎవరివో వేళ్లుంటే బాగోదని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. పైన కొత్త లేయర్ వేసి, పక్కనున్న చీర నేతను అక్కడికి తెచ్చి వేళ్లను కప్పేశాను. కింద దేన్నీ చెరపలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆవిడ ఫోన్ చేసింది. "అన్నయ్యా, పటం చూసి మా పిన్ని 'నా చెయ్యి ఏమైందే' అని ఒకటే ఏడుపు. అక్క భుజమ్మీద చెయ్యి వేసి నిలబడింది తనేనట. మళ్లీ పెట్టడం కుదురుతుందా?"

ఆ లేయర్ పక్కనున్న కన్ను గుర్తు ఒక్కటి ఆపాను. నాలుగు వేళ్లూ భుజమ్మీదికి వచ్చాయి. సాయంత్రానికల్లా కొత్త ప్రింటు ఇచ్చాను.

మీ ఇంట్లో పాత ఫోటో ఏదైనా స్టూడియోకు ఇస్తే, ప్రింటు తీసుకుని వచ్చేయకండి. ముట్టుకోని స్కాన్ ఒకటి, లేయర్లు కలిపేయని పీఎస్‌డీ ఫైలు ఒకటి అడిగి తెచ్చుకోండి. ఒక పెన్‌డ్రైవ్‌లో రెండూ పడతాయి.