బలాసురుడి ఎముకలు

‘ఒత్తిడి తట్టుకుంటే బొగ్గు కూడా వజ్రమవుతుంది.’ ఆఫీసు ప్రజెంటేషన్లలో, కోచింగ్ సెంటర్ గోడల మీద, పొద్దున్నే వచ్చే వాట్సాప్ ఫార్వర్డుల్లో ఈ మాట తగలని వారం ఉండదు. పుష్యరాగం పెట్టుకుంటే ఉద్యోగం వస్తుందంటే నవ్వే మనమే దీన్ని మాత్రం ప్రశ్నించకుండా ఒప్పుకుంటాం. సైన్సు వాసన ఉంది కదా. బొగ్గు బాగా దొరికే పెద్దపల్లి జిల్లాలో నిలబడి చదివితే ఈ ఉపమానం ఎలా వినబడుతుంది?

ముందు సైన్సు సంగతి. రెండూ కార్బనే, నిజమే. 1797లో స్మిత్‌సన్ టెనెంట్ వజ్రాన్ని కాల్చి ఆ సంగతి తేల్చాడు. కానీ వజ్రాలు చాలావరకు భూమిలో 150 కిలోమీటర్లకు పైగా లోతున పుట్టాయి. వాటిలో ఎక్కువ వాటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. బొగ్గేమో చచ్చిపోయిన చెట్లు. గోదావరి లోయ బొగ్గుగా మారిన అడవులు సుమారు 25-30 కోట్ల ఏళ్ల కిందటివి. నేల మీద చెట్టే మొలవని కాలంలో పుట్టిన వజ్రం బొగ్గులోంచి ఎలా వస్తుంది?

ఉపమానానికి సైన్సు పరీక్ష పెట్టడం అన్యాయం అనొచ్చు. ఒప్పుకుంటాను. నా పేచీ లెక్క తప్పినందుకు కాదు. ఆ మాట ఎవరి నోట్లోంచి వస్తోంది, ఎవరి చెవిలో పడుతోంది అన్నదాని గురించి.

రాళ్లకు అర్థాలు అంటగట్టడంలో మనకు పాత అనుభవమే ఉంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో రత్నాలకు కొన్ని అధ్యాయాలు ఇచ్చాడు. వాటి పుట్టుక గురించి మూడు అభిప్రాయాలు చెబుతాడు. బలుడనే రాక్షసుడి నుంచి వచ్చాయని కొందరు, దధీచి నుంచి అని ఇంకొందరు, నేల స్వభావం వల్లే రాళ్లకు ఈ తేడాలని మరికొందరు. పురాణం పక్కనే భూమి స్వభావాన్నీ కూర్చోబెట్టిన ఈ తీరు ఇవాళ్టి పాఠకుడికి ముచ్చటేస్తుంది.

అదే పుస్తకంలో కాస్త ముందుకెళ్తే ముచ్చట తగ్గుతుంది. తెల్ల వజ్రం బ్రాహ్మణులకు, ఎరుపూ పసుపూ క్షత్రియులకు, దిరిసెన పువ్వు రంగుది వైశ్యులకు, కత్తి రంగుది శూద్రులకు మంచిదట. రాయికి కులం లేదు. పుట్టుక దగ్గర అంత జాగ్రత్తగా మాట్లాడిన మనిషి, వాడకం దగ్గరికి వచ్చేసరికి తన చుట్టూ ఉన్న వరసనే రాయి మీద చెక్కాడు. రాయి ‘ఆధ్యాత్మిక అర్థం’ అని మనం చదివేది చాలాసార్లు ఆ కాలపు సమాజం తన గురించి తాను రాసుకున్నదే.

ఇప్పుడు గరుడ పురాణానికి రండి. బలాసురుడు ఇంద్రుణ్ణి కూడా ఓడించినవాడు. యుద్ధంలో గెలవలేక దేవతలు అతన్ని ఒక వరం అడిగారు, మా యజ్ఞానికి పశువువి కావాలని. అతను మాట ఇచ్చాడు, ఇచ్చిన మాట మీద నిలబడి చచ్చిపోయాడు. అతని ఎముకలు వజ్రాలయ్యాయి, పళ్లు ముత్యాలయ్యాయి, నెత్తురు కెంపులయింది, పిత్తం పచ్చలయింది.

సైన్సుగా చూస్తే ఈ కథలో ఏమీ లేదు. ఉపమానంగా మాత్రం మన ఆఫీసు సూక్తి కంటే చాలా నిజాయితీ ఉన్నది. సూక్తిలో ఒత్తిడి పడ్డవాడే వజ్రమై మెరుస్తాడు. పురాణంలో బలుడు మెరవడు. అతని ఎముకలు ఇంకొకరి మెడలో మెరుస్తాయి. వజ్రం వెనుక ఒక శరీరం ఉంది, ఆ శరీరాన్ని మంచి మాటలతో అడిగి తీసుకున్నారు అని ఆ కథ దాచకుండా చెబుతుంది.

గోదావరిఖనిలో గనిని బాయి అంటారు. బాయిలకు దిగేవాళ్లకు ఒత్తిడంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. నెత్తి మీద బండ, ఊపిరితిత్తుల్లో దుమ్ము, రాత్రి షిఫ్టు. ఆ బొగ్గు వజ్రం కాదు, పక్కనే ఉన్న రామగుండం ఎన్టీపీసీ బాయిలర్లలో మండి కరెంటవుతుంది. 2600 మెగావాట్ల ప్లాంటు అది. దాన్నే నల్ల బంగారం అని, తవ్వేవాళ్లను నల్ల సూర్యులని పిలుస్తాం. పేర్లకు మాత్రం కొదవ లేదు.

సింగరేణిలో ఇంకో మాట ఉంది: మెడికల్ అన్‌ఫిట్. ఒళ్లు అరిగిపోయి ఇక బాయిలకు దిగలేడని బోర్డు తేలిస్తే కొడుకుకో బిడ్డకో కారుణ్య నియామకం వస్తుంది. తండ్రి పాడైన ఆరోగ్యం పిల్లల కొలువవుతుంది. దీని పక్కన పెట్టి చదవాల్సింది వజ్రం సూక్తిని కాదు, బలాసురుడి కథనే. దేవతలకు పోవాల్సినది పోయాక, ఇక్కడ కనీసం ఇంటోళ్లకు కొంత మిగులుతోంది.

ఏసీ గదిలో డెడ్‌లైన్లు మోసే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ల ఒత్తిడి బాయి ఒత్తిడితో సమానం కాదు. కానీ సూక్తి పనిచేసే పద్ధతి రెండుచోట్లా ఒకటే. ఒత్తిడి పెట్టేవాణ్ణి వాక్యంలోంచి తీసేస్తుంది, అదేదో ప్రకృతి ధర్మం అన్నట్టు. వరాహమిహిరుడు రాయికి కులం ఇచ్చినట్టే, మనం రాయికి ఓర్పు నేర్పుతున్నాం. ఈసారి ఆ స్లైడు తెర మీద కనిపిస్తే అడగాల్సింది ఒక్కటే: ఈ కథలో బలాసురుడు ఎవరు, వరం అడుగుతున్నది ఎవరు?