పరోక్షము – ప్రత్యక్షము: హంటర్ తాంసన్ ‘హెల్స్ ఏంజిల్స్’ గ్రంథవిమర్శనము

వార్తను వ్రాయువాఁడు తాను వ్రాయు వస్తువునకు ఎంత దూరమున నిలువవలయును? ఈ ప్రశ్న యిరువదవ శతాబ్దపు ఆంగ్లవచనమున బహువాదములకు మూలమైనది. గడప కావల నిలిచి, యడిగి తెలిసికొని వ్రాయుట యొక పద్ధతి. జనులలోఁ గలిసి, వారితోఁ దిని, వారు తిరిగిన చోటఁ దిరిగి, తన దేహమునకుఁ దగిలినదానినిఁ గూడ సాక్ష్యముగాఁ గొని వ్రాయుట వేఱొక పద్ధతి. ఈ రెండవది మిక్కిలి క్రొత్తది కాదు. 1887లో నెల్లీ బ్లై యను పత్రికారచయిత్రి మతి చలించినదానివలె నటించి న్యూయార్కు నగరపు ఉన్మత్తశాలలోఁ బది దినము లుండి యచ్చటి దుఃస్థితిని వెల్లడించెను. 1903లో జాక్ లండన్ లండను నగరపుఁ దూర్పువాడల దారిద్ర్యమును, 1933లో జార్జి ఆర్వెల్ పారిస్, లండను నగరముల నిరుపేదల బ్రదుకును స్వానుభవపూర్వకముగాఁ బ్రకటించిరి. కాని వీరందఱును దుర్బలుల నడుమకుఁ బోయినవారు. క్రూరులని ప్రసిద్ధి కెక్కినవారి నడుమ దాదాపొక యేఁడు మెలఁగి హంటర్ తాంసన్ (1937–2005) వ్రాసిన ‘హెల్స్ ఏంజిల్స్’ అను గ్రంథము వేఱొక పరీక్షకుఁ బాత్రమైనది. దానిని 1967లో రాండమ్ హౌస్ వారు ప్రకటించిరి. ఆ పరీక్షయే యీ వ్యాసమునకు విషయము.

గ్రంథోత్పత్తిని సంగ్రహముగాఁ జెప్పెదను. హెల్స్ ఏంజిల్స్ అనునది 1948లోఁ గాలిఫోర్నియా రాష్ట్రమునఁ బుట్టిన మోటారుసైకిలు సంఘము. 1964 సెప్టెంబరులో మాంటెరే పట్టణపరిసరమున నిద్దఱు బాలికలపై నత్యాచారము జరిగెనని యీ సంఘమువారిపై నభియోగము వచ్చి, పిదప నది యుపసంహరింపఁబడెను. 1965 మార్చిలో రాష్ట్రపు అటార్నీ జనరల్ థామస్ లించ్ వీరినిగుఱించి యొక నివేదికను వెలువరించెను. అది పోలీసు కచేరీలనుండి సేకరించిన సమాచారముతోఁ గూర్పఁబడినది. దానిని జూచి దేశమునందలి పెద్దపత్రికలు వీరిని మహాభూతములవలె వర్ణించినవి. అప్పుడు ‘ది నేషన్’ పత్రికాసంపాదకుఁడు కేరీ మెక్‌విలియమ్స్ తాంసన్‌చే నొక వ్యాసమును వ్రాయించి 1965 మే 17వ తేది సంచికలోఁ బ్రకటించెను. ఆ వ్యాసమే పెరిగి గ్రంథమైనది.

గ్రంథనామమునందే శాబ్దికునకుఁ గొంత పని కలదు. ‘హెల్స్ ఏంజిల్స్’ అనఁగా నరకపు దేవదూతలు. సంఘమువారు తమ పేరున షష్ఠీసంబంధమును దెలుపు చిహ్నమును వ్రాయరు, తాంసన్ వ్రాసెను. ఉపశీర్షికలో వీరికి ‘అవుట్‌లా’ యను విశేషణము చేర్పఁబడినది. అమెరికా దేశపు మోటారుసైకిలు సమాఖ్యలోఁ జేరని సంఘములను, దాని యనుమతి లేక జరుగు పందెములను మొదట నా మాటతో వ్యవహరించెడివారు. ఆ వాడుకలో నర్థము ‘సమాఖ్యకు వెలియైనది’ అని మాత్రమే. క్రమముగా ‘దేశశాసనమునకు వెలియైనవాఁడు’ అను నర్థమే నిలిచెను. ఇట్లే 1947 జూలైలో హాలిస్టరు పట్టణమున జరిగిన యల్లరి పిమ్మట, నూటికిఁ దొంబదితొమ్మండ్రు సజ్జనులేయని సమాఖ్య ప్రకటించెనని లోకమునఁ బ్రచారమైనది. తామట్లన్నట్లు దాఖలా లేదని సమాఖ్యవారి పలుకు. అయినను మిగిలిన యొక్కరము మేమేయని ‘ఒక శాతము’ చిహ్నమును వీరు చొక్కాలపైఁ గుట్టించుకొనిరి. ఎవరును బలికినట్లు నిదర్శనము లేని వాక్యమొకటి వేలమందికి బిరుదైనది! ఆ హాలిస్టరు ఘటనను దలఁచి 1953లోఁ దీసిన మార్లన్ బ్రాండో చలనచిత్రమును జూచి, యందలి నడవడిని దమ యందు నిలుపుకొన్నవారు నీ సంఘములలోఁ గలరు. వస్తువు ముందో, దాని ప్రతిబింబము ముందో నిర్ణయింపరాని యిట్టి చోట సాక్షి యొక్కఁడు కావలసియుండెను.

పాణినీయమున భూతకాలమును దెలుపు లకారములలో లిట్టు పరోక్షవిషయమున విధింపఁబడినది. వక్త తాను జూడని గతమునకే లిట్టు. చూచినదానికి లఙ్ఙు మొదలగునవి. పరోక్షమన నేమియని భాష్యకారుఁడు విచారించి, నూఱేండ్ల క్రిందటిదని కొందఱు, వేయేండ్ల క్రిందటిదని కొందఱు, రెండు మూఁడు దినముల క్రిందటిదని కొందఱు, గోడకో చాపకో యావలిది పరోక్షమని మఱికొందఱు చెప్పుదురని మతభేదములను జూపెను. కడపటి మతము మన ప్రస్తుతమునకుఁ జక్కఁగాఁ దగును. నివేదికను వ్రాసినవారికిని వస్తువునకును నడుమఁ బోలీసు కచేరీయను గోడ యొకటి కలదు. ఆ నివేదికను జూచి వ్రాసిన పత్రికలవారికి నివేదికయను చాప మఱియొకటి యడ్డమైనది. అయినను వారి వాక్యములు కన్నులఁ జూచినవారి వాక్యములవలె నడచినవి. సంస్కృతమున నిట్టి యసత్యమును లకారమే పట్టియిచ్చెడిది. ఆంగ్లమున నొక్క భూతరూపమే రెండింటికిని జెల్లుటచే నది పాఠకుని కంటఁ బడలేదు. తాంసన్ చేసిన మొదటి యుపకార మిది: నివేదికలోని మాటను, పత్రికలోని మాటను ప్రక్కప్రక్కను బెట్టి, యేది చూచినది, యేది విన్నది, యేది విన్నదానిపైఁ బెంచినది యని విభజించి చూపెను. వీరు నిర్దోషులని యాతఁడు వాదింపలేదు. దోషమును దోషము పాటికే చెప్పవలయునని యాతని పట్టు.

దీనికి గ్రంథమున బాస్ లేక్ ఘట్టము మంచి యుదాహరణము. 1965 జూలై 4వ తేది సెలవునకు ఆ కొండసరస్సు నొద్దకు వీరు గుంపుగా వత్తురని తెలిసి, యుపద్రవము తప్పదని ముందుగనే చాటింపైనది. పోలీసులు నిలిచిరి, ఊరివారిలోఁ గొందఱాయుధములు చేఁబట్టిరి. తాంసన్ వారి వెంటఁ బోయెను. జరిగిన దేమి? దినమంతయు బీరు త్రాగుట, వాదులాట, షెరీఫుతో బేరములు, నిద్ర. భయముచేఁ దలుపులు మూయవలసిన జనులు వీరిని జూచుటకే వచ్చి చుట్టును మూఁగిరి. ఉపద్రవము జరుగలేదు, కాని యుపద్రవము జరుగవలెనను కోరిక చూచువారియందే యుండెనని యా ప్రకరణమును జదివినవారికిఁ దోఁచును. ఈ సంగతి కచేరీలోఁ గూర్చున్నవానికి లభింపదు. ఏమియు జరుగకుండుట వార్త కాదు గదా! ఆ ‘ఏమియు జరుగనిదానిని’ పుటలకొలఁది యాసక్తితోఁ జదివించుట యీ రచయిత శక్తి. ఇది గ్రంథమునందలి యుత్తమభాగమని నా యభిప్రాయము.

ఇఁకఁ బూర్వపక్షము. తనలోఁ దాను గలిసిన వస్తువును దటస్థముగా నెవఁడు చూడఁగలఁడు? ఉత్తమపురుషమున వ్రాయువాఁడు తన్నుఁ దాను పొగడుకొనుటకో, తన వారిని గాచుటకో దిగఁడా? ఈ యాక్షేపము మనకుఁ గ్రొత్త కాదు. ఆఖ్యాయికయందు నాయకుఁడే తన వృత్తాంతమును జెప్పునని, కథయందన్యులు చెప్పుదురని, కులీనుఁడు స్వగుణములను దానే యెట్లు వెల్లడించునని భామహుఁడు విభజించెను. జరిగినది జరిగినట్లు చెప్పువానికి స్వగుణకథనము దోషము కాదని దండి యా విభాగమును ద్రోసివైచెను. దండిమతమే యీ గ్రంథమునకు శరణము. తాంసన్ వీరిని వీరులుగాఁ జేయలేదు; తన్నును జేసికొనలేదు. వారి మోటుతనము, నిరుద్యోగము, యంత్రయుగమునఁ దమకుఁ జోటు లేదను కసి, ఆ కసి నెవరిపైఁ జూపవలయునో యెఱుఁగని మూఢత, ఇవి యన్నియు నందుఁ గలవు. 1965 అక్టోబరులో ఓక్లండు సరిహద్దున వియత్నాము యుద్ధమును నిరసించుచు వచ్చిన విద్యార్థులపై వీరు పడి కొట్టిరి. వీరిని స్వాతంత్ర్యమూర్తులుగాఁ గొలిచిన విద్యావంతుల భ్రమను తాంసన్ నిర్దాక్షిణ్యముగా బయలుపఱచెను.

అయినఁ జూచుట యొకటి, దగ్గఱ నుండుట యొకటి. శాకటాయనుఁడను వైయాకరణుఁడు రథమార్గమునఁ గూర్చుండియు, ఎదుట సాగిపోవు బండ్లబారును గనుఁగొనలేదని భాష్యమున నొక కథ. మనస్సుతోఁ గూడిన యింద్రియములే జ్ఞానమును గలిగించును. మనస్సు లేనిచోఁ గన్ను తెఱచియున్నను వస్తువు పరోక్షమే. దగ్గఱనుండుటయే ప్రత్యక్షమని గర్వించు ప్రవిష్టరచయితలందఱు నీ కథను మఱవరాదు. ఉత్తమపురుషమునకు లిట్టు వచ్చు సందర్భములు రెండు కలవు. నిద్రలోనో మత్తులోనో తాను జేసినదానిని జెప్పుట మొదటిది. కళింగమునఁ జూచితిమనువానితో, నేను కళింగమునకే పోలేదని సర్వాపలాపము చేయుట రెండవది. తాంసన్ మత్తును దాఁచినవాఁడు కాఁడు. పిమ్మటి కాలమున నదియే యాతని రచనాముద్ర యైనది. ఈ గ్రంథమున మాత్రము మత్తు దృష్టిని గప్పలేదు. కాని యొక్క చోట రెండవ సందర్భపు ఛాయ గోచరించుచున్నది.

1965 ఆగస్టులో నవలాకారుఁడు కెన్ కేసీ లా హోండాలోని తన యింట హెల్స్ ఏంజిల్స్‌కు విందు చేసెను. ఆ రాత్రి యొక స్త్రీపై ననేకులు పడిన దారుణమును తాంసన్ చూచి వ్రాసెను. ఆతని గుఱుతులను గ్రహించి టామ్ వుల్ఫ్ 1968లోఁ దన గ్రంథమున నా విందునే వర్ణించెను. మాంటెరే యభియోగమునఁ బత్రికల యతిశయోక్తిని తూఁచి తూఁచి ఖండించినవాఁడు, తన కన్నులయెదుట జరిగినదానికడ నా తూనికను దింపివైచెను. ఆ స్త్రీ యెవరు, ఆమె యేమి తలఁచెను, తా నేమి చేసెను, ఏమి చేయలేకపోయెను, ఈ ప్రశ్నలకు సమాధానము లేదు. అంతవఱకుఁ బుటపుటను నిలిచిన ‘నేను’ అచ్చట నుండియు లేనిదైనది. ధర్మశాస్త్రమున సాక్షి యూరకుండుట యనృతముతో సమమని విధి. సభలోఁ బలుకుటతోనే సాక్షి ఋణము తీరునా, చూచిన క్షణముననే మొదలగునా యని ఈ ప్రకరణము మనల నడుగును. గ్రంథకర్త యడుగలేదు. పరోక్షమును ద్రోసి ప్రత్యక్షమును గోరినవాఁడు ప్రత్యక్షపు బాధ్యతనుగూడఁ గోరినవాఁడే. గోడ కావలివానికి ‘నేను లేను’ అనుట చెల్లును. గోడ దాఁటినవానికిఁ జెల్లదు. ఇది గ్రంథమునందలి పెద్ద కొఱఁత.

గ్రంథాంతమున, 1966 సెప్టెంబరు సెలవుదినములలో నీ సంఘమువారు కొందఱు తన్నుఁ గొట్టినట్లు తాంసన్ చిన్న యనుబంధమున వ్రాసి, కాన్రాడ్ నవలలోని యొక పాత్ర మరణవాక్యమును స్మరించి ముగించెను. దశకుమారచరితమున మంత్రగుప్తుఁడు గాయపడిన పెదవితోఁ గథ చెప్పవలసివచ్చి, యోష్ఠ్యవర్ణము లొక్కటియు లేక కథనంతయు నడిపించును. దేహమునకుఁ దగిలిన దెబ్బ వాక్యమున నిట్లు కనఁబడవలయును. తాంసన్‌కుఁ దగిలిన దెబ్బ ముందరి పుటలను మార్చలేదు; కడపటఁ జేర్పఁబడిన ముద్రవలె నున్నది. ఒకరి నడుమ నేఁడు మెలఁగినవానికి వారి హింస తనపైఁ బడిన క్షణమున గ్రంథమంతయుఁ దిరిగి చూచుకొనవలసిన యవసరము కలిగియుండవలయును. ఆతఁడు పరవాక్యము వెనుక నిలిచెను. ఓక్లండు శాఖానాయకుఁడు సన్నీ బార్జర్ (1938–2022) తన 2000 నాఁటి యాత్మకథలో తాంసన్‌ను నిందించెను. వర్ణ్యుఁడు వర్ణించినవానికిఁ బ్రత్యుత్తరమిచ్చుట యీ రీతి గ్రంథములకుఁ దప్పని ఫలము. ఆ నిందచే గ్రంథము చెడదు, ప్రశంసచే నిలువదు.

ఈ గ్రంథమును జదివినవారు దానినుండి యేమి నేర్చిరి? 1969 డిసెంబరు 6వ తేదిని ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ సంగీతసభకు లక్షలజనము చేరఁగా, వేదికకడఁ గాపుగా నీ సంఘమువారే నిలిపింపఁబడిరి. ఆ రాత్రి మెరిడిత్ హంటర్ అను పదునెనిమిదేండ్ల యువకుఁడు కత్తిపోట్లకు బలియయ్యెను. రెండేండ్ల ముందే ప్రకటితమైన యీ పుస్తకమున, వీరిని బొమ్మలుగాఁ జేసి వేడుకకుఁ బిలుచువారి యవివేకము స్పష్టముగా వ్రాయఁబడియున్నది. జనులు భయంకరవర్ణనమును మాత్రము చదివి రుచిగొని, వివేకమును విడిచిరి. షికాగో ప్రాంతపు అవుట్‌లాస్ సంఘమునఁ దాను సభ్యుఁడై 1968లో డానీ లయన్ ప్రకటించిన ‘ది బైక్‌రైడర్స్’ అను ఛాయాచిత్రగ్రంథమును దీనితోఁ బోల్చిచూడఁదగును. లయన్ వారి మాటలను వారి నోటనే విడిచెను. తాంసన్ తన మాటలో వారిని బంధించెను. మొదటిదానియందుఁ గరుణ హెచ్చు, రెండవదానియందు విచారణ హెచ్చు.

సిద్ధాంతమిది. వినికిడిని జూపుగా నమ్మించు వ్రాఁతలను బరీక్షించుటయందు ‘హెల్స్ ఏంజిల్స్’ ఆదర్శప్రాయము. చూచినదానికిఁ దాను జవాబుదారి యగుటయందు నసంపూర్ణము. మొదటి గుణమునకై దీనిని మన విలేకరులందఱును జదువవలయును. రెండవ లోపమునకై మఱింత జాగ్రత్తతోఁ జదువవలయును. వాక్యమున ‘నేను’ అని వ్రాసినవాఁడు కర్తృపదమునే గాక క్రియాభారమునుగూడ నెత్తుకొన్నవాఁడని వైయాకరణులకుఁ జెప్పనక్కఱలేదు, వార్తారచయితలకుఁ జెప్పవలసియున్నది.