పాత విద్యుత్ సైకిలు – పావు కిలోవాటు నిర్వచనము: ఒక విమర్శ

భౌతికశాస్త్రములో ప్రతి నిర్వచనమునకు ఒక పరీక్ష ఉన్నది. దానిని చదివినవాడు తన చేతిలోని వస్తువు ఆ నిర్వచనమునకు లోబడినదా, కాదా అని కొలిచి చెప్పగలగవలెను. అట్లు చెప్పలేకపోయినచో నిర్వచనములోనైనా లోపము ఉండవలెను, కొలత సాధనములోనైనా లోపము ఉండవలెను. చట్టములోని నిర్వచనమునకు కూడ ఇదే పరీక్ష పెట్టుట న్యాయము. విద్యుత్ సైకిలును గురించిన మన నిబంధనకు ఈ పరీక్ష పెట్టవలసిన అవసరము నాకు ఒక విద్యార్థి వలన కలిగినది.

అతడు ఇంటర్మీడియేట్ రెండవ సంవత్సరము చదువుచున్నాడు. కొన్ని సంవత్సరములు వాడిన విద్యుత్ సైకిలును తక్కువ ధరకు కొని కాలేజీకి తెచ్చినాడు. పదవ తరగతి చదువుచున్న అతని చెల్లెలు కూడ దానిమీదనే బడికి పోవుచున్నది. అమ్మినవాడు, "దీనికి లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషను అక్కరలేదు" అని చెప్పినాడట. "మాస్టారూ, ఈ మాట నిజమేనా?" అని ఆ విద్యార్థి అడిగినాడు. ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయినాను. అమ్మినవాని మాట అబద్ధము కాదు. సగము వాక్యము మాత్రమే. మిగిలిన సగము నిబంధనల పుస్తకములో ఉన్నది.

నిబంధన ఏమి చెప్పుచున్నది?

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము యంత్రబలముతో రోడ్డుమీద నడచు బండి మోటారు వాహనమే. నాలుగు చక్రములకంటె తక్కువ ఉండి, ఇంజను ఘనపరిమాణము 25 ఘనపు సెంటీమీటర్లకు మించని బండికి మినహాయింపు ఉన్నది. కాని ఇది పెట్రోలు ఇంజనుకు తగిన కొలబద్ద. విద్యుత్ మోటారులో సిలిండరు లేదు గనుక దాని ఘనపరిమాణమును కొలుచుట అనే ప్రశ్నయే లేదు. కావున 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో బ్యాటరీ బండికి వేరొక కొలబద్దను చేర్చినారు. మోటారు యొక్క ముప్పది నిమిషముల సామర్థ్యము 0.25 కిలోవాటుకంటె తక్కువగాను, బండి గరిష్ఠ వేగము గంటకు 25 కిలోమీటర్లకంటె తక్కువగాను ఉండవలెను. ఈ సంగతిని అధికారము గల పరీక్షా సంస్థ ఒకటి పరిశీలించి ధ్రువీకరించవలెను. పుణేలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అట్టి సంస్థలలో ఒకటి. ఇవన్నీ నెరవేరినచో ఆ బండి మోటారు వాహనము కాదు. తొక్కుచున్నంతసేపే మోటారు సాయపడు సైకిలుకు అదనపు నియమములు ఉన్నవి. తొక్కుట మానగానే, లేదా వేగము 25 కిలోమీటర్లకు చేరగానే మోటారు ఆగవలెను. తగిన బ్రేకులు, ముందు తెల్లని పరావర్తకము, వెనుక ఎర్రని పరావర్తకము ఉండవలెను.

ఈ సంఖ్యలు మంచివే

మొదట నిబంధనలోని గుణమును చెప్పుట ధర్మము. ఈ రెండు సంఖ్యలు గుడ్డిగా ఎన్నుకొన్నవి కావు. మనిషి, సైకిలు కలిసి 100 కిలోగ్రాములని అనుకొందము. చదునైన రోడ్డుమీద గంటకు 25 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు చక్రముల నిరోధము సుమారు 8 న్యూటన్లు, గాలి నిరోధము సుమారు 17 న్యూటన్లు ఉండును. ఈ మొత్తమును సెకనుకు 6.94 మీటర్ల వేగముతో గుణించినచో సుమారు 175 వాట్లు వచ్చును. అనగా పావు కిలోవాటు ఆ వేగమునకు చాలును. కొంత మిగులును కూడ. అదే 40 కిలోమీటర్ల వేగమునకు 580 వాట్లు కావలెను. గాలి నిరోధము వేగవర్గమును అనుసరించి పెరుగుటయే దీనికి కారణము. ఇక నూటికి అయిదు వాలు గల ఎత్తును 250 వాట్లతో ఎక్కునప్పుడు వేగము సుమారు 14 కిలోమీటర్లకు పడిపోవును. కావున ఈ హద్దులో ఉన్న బండి స్వభావరీత్యా సైకిలుకు బంధువే గాని మోటారు సైకిలుకు కాదు.

ముప్పది నిమిషములు అని చెప్పుటలో కూడ అర్థమున్నది. విద్యుత్ మోటారు బయలుదేరునప్పుడు, ఎత్తు ఎక్కునప్పుడు కొద్ది క్షణములు తన అంకెకు రెట్టింపు సామర్థ్యమును ఈయగలదు. దానిని అడ్డునది వేడి. ప్రవాహము రెట్టింపు అయినచో తీగచుట్టలోని వేడి నాలుగు రెట్లు అగును. అరగంట సేపు నిలకడగా ఎంత సామర్థ్యమును ఈయగలదో అదియే మోటారు యొక్క నిజమైన తాహతు.

లోపములు ఎక్కడ?

మొదటి లోపము చిన్నదిగా కనబడును. నిబంధనలోని మాట "0.25 కిలోవాటుకంటె తక్కువ". బజారులో బండిమీద అతికించు చీటీ "250 వాట్లు". సరిగా 250 అనునది 250 కంటె తక్కువ కాదని అయిదవ తరగతి పిల్లవాడు కూడ చెప్పగలడు. ఐరోపా దేశముల నియమములలో 250 కూడ హద్దులోనిదే. మన దగ్గర చీటీమీది అంకెకు, ప్రయోగశాలలో కొలిచిన ముప్పది నిమిషముల సామర్థ్యమునకు ఎట్టి సంబంధము ఉన్నదో కొనువానికి తెలియు దారి లేదు.

రెండవ లోపము కూర్పులోనిది. సామర్థ్యము, వేగము అను రెండు షరతుల వెంటనే మూడవ అంశముగా తొక్కుడు సాయపు సైకిలును పేర్కొన్నారు. మొదటి రెండు బండికి ఉండవలసిన గుణములు. మూడవది ఒక జాతి బండి. గుణములను, జాతులను ఒకే వరుసలో వ్రాసినచో చదువరికి తికమక తప్పదు. పిడి త్రిప్పగానే పోవు బండి ఏ అంశము క్రిందికి వచ్చునో విడదీసి వ్రాసియుండవలసినది.

మూడవది వయస్సు. ఈ నిర్వచనములో నడుపువాని వయస్సు ప్రసక్తి లేదు. బ్రిటనులో 14 సంవత్సరములు నిండనిదే విద్యుత్ సైకిలును రోడ్డుమీద నడుపరాదు.

నాలుగవది అన్నింటిలోను పెద్దది. నిర్వచనము కొత్త బండిని చూచి వ్రాసినది. బండి పాతబడునని, చేతులు మారునని, దాని భాగములు మారునని అందులో తలంపు లేదు.

పాతబడుట నేరమా?

పాతబడుట వలన విద్యుత్ సైకిలు చట్టమును మీరదు. సీసపు బ్యాటరీ పలకలమీద కాలక్రమమున గట్టి సల్ఫేటు పేరుకొనును, అంతర్నిరోధము పెరుగును, భారము పడగానే వోల్టేజి కుంగును. కావున బండి నెమ్మదించును. ముసలి సైకిలు కొత్త సైకిలుకంటె మరింత చట్టబద్ధము! చిక్కు వచ్చునది దానికి మరల పడుచుదనము తెచ్చునప్పుడు.

మా విద్యార్థి సైకిలులో జరిగినది అదియే. అందులో మొదట 12 వోల్టుల బ్యాటరీలు మూడు, అనగా 36 వోల్టులు. దాని కంట్రోలరు 36 వోల్టులకు, 48 వోల్టులకు కూడ పనికివచ్చు రకము. పూర్వపు యజమాని వెనుక పెట్టెలో నాలుగవ బ్యాటరీని చేర్చినాడు. మోటారు తిరుగు వేగము వోల్టేజిని అనుసరించి పెరుగును. కాలేజీ మైదానములో 100 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టి, బండి పూర్తి వేగము అందుకొన్న తరువాత మొదటి గుర్తు దాటునట్లు నడిపించి, స్టాప్‌వాచితో చూచినాము. 11.5 సెకన్లు పట్టినది. అనగా గంటకు 31 కిలోమీటర్లు. చీటీమీద మాత్రము ఇంకను "250 వాట్లు, 25 కిలోమీటర్లు" అనియే ఉన్నది.

ఆరు కిలోమీటర్లకు ఇంత రాద్ధాంతమా అని అనరాదు. గతిజశక్తి వేగవర్గమును అనుసరించును గనుక 25 వద్ద ఉన్నదానికంటె 31 వద్ద అది ఒకటిన్నర రెట్లు. బ్రేకు వేసిన తరువాత ఆగుటకు పట్టు దూరము కూడ అంతే పెరుగును. బ్రేకులేమో పాతవే.

చట్టరీత్యా పర్యవసానము ఇంకను పెద్దది. హద్దు దాటిన క్షణమునుండి అది మోటారు వాహనము. లైసెన్సు, రిజిస్ట్రేషను, మూడవ పక్షము ఇన్సూరెన్సు అన్నియు కావలెను. ఎవరినైనా గుద్దినచో నష్టపరిహారమును ఇచ్చుటకు వెనుక ఇన్సూరెన్సు కంపెనీ ఉండదు; ఇల్లు, పొలము అమ్మి ఇచ్చుకొనవలసినదే. 18 సంవత్సరములు నిండనివారు మోటారు వాహనముతో నేరము చేసినచో సంరక్షకుని లేదా యజమానిని దోషిగా భావించు సెక్షను 2019 సవరణతో వచ్చినది. అందుకు శిక్ష మూడు సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. పదవ తరగతి బాలిక ఎక్కిన ఆ సైకిలుతో ఆమె తండ్రి ఎంత ప్రమాదమును ఇంటిలో కట్టివేసుకొన్నాడో ఆయనకు తెలియదు. నాలుగవ బ్యాటరీ సంగతి కూడ ఆయనకు ఎవ్వరూ చెప్పలేదు.

ఇతరులు ఏమి చేసినారు?

బ్రిటనులో విద్యుత్ సైకిలు నిబంధనలు 1983లో వచ్చినవి. అప్పుడు రెండు చక్రముల సైకిలుకు హద్దు 200 వాట్లు. 2015లో దానిని 250 వాట్లకు పెంచి, బరువు పరిమితిని తీసివేసినారు. 2016 జనవరి 1 నుండి, తొక్కకయే పిడి త్రిప్పి పూర్తి వేగముతో పోగల కొత్త బండ్లకు ప్రత్యేక ఆమోదము కావలెనన్నారు; అంతకుముందు వాడుకలోనికి వచ్చిన పాతవానిని అట్లే ఉండనిచ్చినారు. పాత వస్తువు ఉన్నదని చట్టము గుర్తించుట అనగా ఇదియే. పైగా మోటారు సామర్థ్యముగాని చేసినవారి పేరుగాని, బ్యాటరీ వోల్టేజిగాని గరిష్ఠ వేగముగాని బండిమీద చూపవలెనని నియమము పెట్టినారు. వోల్టేజి వ్రాసి ఉన్నచోట నాలుగవ బ్యాటరీ దాగజాలదు.

అమెరికాలో 2002 నాటి శాసనము వస్తువుల భద్రతకు సంబంధించినది. రోడ్డు నియమములు అక్కడ రాష్ట్రములవి. వారి హద్దు మనకంటె ఎక్కువ: 750 వాట్లు, గంటకు 20 మైళ్లు. అయినను కొలుచు విధానమును నిర్వచనములోనే చెప్పినారు. చదునైన గట్టి రోడ్డుమీద, 170 పౌనుల మనిషి ఎక్కి, మోటారు బలము ఒక్కదానితోనే పోవు వేగమును చూడవలెనట. చదివినవాడు కొలువగల నిర్వచనము ఇట్లుండును.

పాత సైకిలు కొనువారికి

మన నిబంధన మారువరకు కొనువాడే పరీక్షకుడు కావలెను. బ్యాటరీలను లెక్కపెట్టి, అసలు ఎన్ని ఉండవలెనో కనుగొనవలెను. ఆ నమూనాకు పరీక్షా సంస్థ ఇచ్చిన ధ్రువపత్రపు ప్రతిని అడిగి తీసుకొనవలెను. జనసంచారము లేని మైదానములో, హెల్మెట్టు పెట్టుకొని, తొక్కకుండ 100 మీటర్లు రెండు దిక్కులా నడిపి సగటు చూడవలెను. సరిగా 25 కిలోమీటర్ల వేగమునకు పట్టు కాలము 14.4 సెకన్లు. అంతకంటె తక్కువ కాలము పట్టినచో అనుమానింపవలసినదే. ఉపాధ్యాయులు దీనిని ఒక పూట ప్రయోగముగా చేయించవచ్చును.

ఇంకొక హెచ్చరిక. సీసపు బ్యాటరీలు తీసి లిథియం బ్యాటరీ పెట్టించుకొనువారు చార్జరును కూడ మార్చవలెను. 36 వోల్టుల సీసపు చార్జరు సుమారు 44 వోల్టుల వరకు ఎక్కించును. పది ఘటముల లిథియం బ్యాటరీ సాధారణముగా 42 వోల్టులు దాటరాదు. ఆ రెండు వోల్టుల తేడాలో అగ్నిప్రమాదము పొంచి ఉన్నది.

మా విద్యార్థి నాలుగవ బ్యాటరీని తీసివేసినాడు. మరల కొలిచినప్పుడు 15 సెకన్లు పట్టినది. అనగా గంటకు 24 కిలోమీటర్లు. వేగము హద్దులోనికి వచ్చినది. కాని ముప్పది నిమిషముల సామర్థ్యమును మా ప్రయోగశాలలో కొలువలేము, ధ్రువపత్రము అతని వద్ద లేదు. స్టాప్‌వాచి చెప్పిన నిజమును చట్టము ముందు నిలబెట్టుటకు అతనికి ఒక చిన్న లోహపు పలక కూడ లేదు. వోల్టేజి, సామర్థ్యము, వేగము చెక్కిన చెరగని పలక ప్రతి బండిమీద ఉండవలెనని, పాత బండిని తక్కువ రుసుముతో మరల పరీక్షించు ఏర్పాటు జిల్లాకు ఒకటైన ఉండవలెనని, నడుపువాని కనీస వయస్సును నిర్ణయించవలెనని ఈ విమర్శ యొక్క సారాంశము. కాగితము దొరకువరకు అతని చెల్లెలు మామూలు సైకిలు తొక్కుకొనియే బడికి పోవుచున్నది.