సరిగమలకు మీటలు

సికిందరాబాదులోని శ్రీ భక్త రామదాసు ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల వంటి చోట్ల కర్ణాటక సంగీతము నేర్చు విద్యార్థికి స్వరములనగా స, రి, గ, మ, ప, ద, ని. అతడు తన పాఠమును కంప్యూటరుపై పాశ్చాత్య స్వరలిపిలో, అనగా స్టాఫ్ నొటేషన్‌లో, వ్రాయదలచి మ్యూజ్‌స్కోరు అను ఉచిత సాఫ్ట్‌వేరును తెరచినచో, అచటి మీటలు సి, డి, ఇ, ఎఫ్, జి, ఏ, బి అను ఆంగ్లాక్షరములను అనుసరించి యుండును. షడ్జమము 'సి' అనుకొన్నచో రిషభమునకు 'డి' మీటను, పంచమమునకు 'జి' మీటను నొక్కవలెను.

ఈ చిక్కునకు విరుగుడు ఆ సాఫ్ట్‌వేరులోనే కలదు. ప్రిఫరెన్సెస్ లోని షార్ట్‌కట్స్ పట్టికలో ఏ పనికి ఏ మీట ఉండవలెనో వాడువారే నిర్ణయింపవచ్చును. స, రి, గ, మ, ప, ద, నిలకు ఎస్, ఆర్, జి, ఎమ్, పి, డి, ఎన్ మీటలను కేటాయించుట సహజము. కాని వీనిలో ఎస్, ఆర్, ఎమ్, ఎన్ మీటలకు ముందే వేరు పనులున్నవి. ఎస్ మీట స్వరములను కలుపు వంపుగీతను గీయును. ఆర్ మీట వ్రాసినదానిని మరల వ్రాయును. ఎన్ మీట స్వరలేఖనమునే ఆరంభించును. ఈ పనులకు వేరు తావు చూపవలెను. అదృష్టవశాత్తు ఏ, బి, సి, ఇ, ఎఫ్ అను ఐదు మీటలు ఖాళీ అగుచున్నవి గనుక లెక్క సరిపోవును.

ఇంతవరకు సౌకర్యము ప్రశంసనీయమే. అయితే దాని పరిమితిని గూడ గుర్తింపవలెను. మన షడ్జమమునకు స్థిరమైన ఎత్తు లేదు. గాయకుని శ్రుతియే దానికి ఆధారము. కొత్త మీట దానిని 'సి' వద్ద కట్టివేయును. మరియు మన శాస్త్రమున 12 స్వరస్థానములకు 16 పేర్లు గలవు. సరళీస్వరములు పాడు మాయామాళవగౌళలో రిషభధైవతములు శుద్ధములు. ఆర్ మీటను నొక్కినంతమాత్రాన శుద్ధ రిషభము రాదు. 'డి', 'ఏ' స్వరములను ఒక్కొక్క మెట్టు తగ్గించు ప్రత్యేక సంకేతమును ముందుగా పంక్తి మొదట ఉంచవలెను.

అన్నిటికంటె పెద్ద లోటు గమకము. 1904లో ఎట్టయాపురమున తెలుగు లిపిలో అచ్చయిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో సుబ్బరామ దీక్షితులు స్వరాక్షరములతో తృప్తిపడక, గమకములకు వేర్వేరు చిహ్నములను వాడిరి. మ్యూజ్‌స్కోరులోని అలంకార చిహ్నములు పాశ్చాత్య సంగీతమునకు ఏర్పడినవి. కంపితము, స్ఫురితము అను పేర్లతో అందు ఆజ్ఞలు లేవు. ఉన్న ఆజ్ఞకు మీటను మార్చవచ్చును గాని, లేని ఆజ్ఞకు మీటనెట్లు ఇయ్యగలము? ఇది మీటల దోషము కాదు. సాఫ్ట్‌వేరును రూపొందించునపుడు ఏ సంగీతమును దృష్టిలో ఉంచుకొనిరో దాని ఫలితము.

కనుక ఉపాధ్యాయులు విద్యార్థులచే మీటలను తప్పక మార్పింపవచ్చును. మార్చిన పట్టికను ఒక ఫైలుగా దాచి, పాఠశాలలోని ఇతర కంప్యూటర్లకు అందించు వీలు గలదు. అయితే ప్రతి మీట వెనుక ఏ స్వరస్థానమున్నదో మొదట కాగితముపై వ్రాయించుట మేలు. మీటలు వ్రేళ్ళ శ్రమను తగ్గించును. చెవి చేయవలసిన పనిని అవి చేయజాలవు.